ఆ ‘13 రెట్లు’ ఎక్కడి నుంచి వచ్చింది? గెలాక్సీ గుచ్ఛాల వెనక తొలి గెలాక్సీల లెక్క

స్కల్ప్టర్ నక్షత్రరాశి వైపు ఏబెల్ 2744 అనే గెలాక్సీ గుచ్ఛం, అంటే గురుత్వంతో కట్టుబడి ఉన్న గెలాక్సీల గుంపు, ఉంది. దాని వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 350 కోట్ల ఏళ్లు పట్టింది. ఆ గుచ్ఛం చిత్రంలో మూడు వేర్వేరు చోట్ల మూడు మసక చుక్కలున్నాయి. మూడూ గుచ్ఛానికి ఎంతో వెనకున్న ఒకే గెలాక్సీవి; గుచ్ఛం గురుత్వం దాని వెలుగును వంచడం వల్ల అలా మూడుగా కనిపిస్తోంది. దాని పేరు జేడీ1. 2014లో ఆదీ జిట్రిన్ బృందం హబుల్ చిత్రాల్లో దాన్ని పట్టుకుంది. 2023లో వెబ్ టెలిస్కోపు తీసిన వర్ణపటంతో (వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన పట్టీ) దాని రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వ విస్తరణ వల్ల వెలుగు తరంగాలు ఎంత సాగాయో చెప్పే సంఖ్య, 9.79 అని ఖాయమైంది. అంటే బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు 48 కోట్ల ఏళ్లకు బయల్దేరిన వెలుగు అది. అంత మసక గెలాక్సీకి వర్ణపటం దొరకడానికి కారణం, ముందున్న గుచ్ఛం దాని వెలుగును సుమారు 13 రెట్లు పెంచడమే.

ఈ 13ను ఏ పరికరమూ కొలవలేదు. కెమెరాలో పడేది పెరిగిన వెలుగు మాత్రమే. దాన్ని 13తో భాగిస్తేనే జేడీ1 అసలు వెలుగు తెలుస్తుంది. అందులోంచే దాని నక్షత్రాల ద్రవ్యరాశి, ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయన్న లెక్క వస్తాయి. గుచ్ఛంలో ఎక్కడ ఎంత ద్రవ్యరాశి ఉందో పటం గీసి, ఆ పటం నుంచి 13ను లెక్కగడతారు. పటంలో తప్పుంటే ఆ తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి. ఇలా గురుత్వంతో వెలుగును వంచి పెంచే గురుత్వ కటకాలను ‘ప్రకృతి ఉచితంగా ఇచ్చిన టెలిస్కోపు’ అని రాసేటప్పుడు చాలామంది వదిలేసే భాగం ఇదే. అసలు శ్రమంతా ఇక్కడే ఉంది.

కటకం పని చేసే తీరు

సూర్యుడి అంచును తాకుతూ వచ్చే కాంతి 1.75 ఆర్క్‌సెకన్లు వంగుతుందని ఐన్‌స్టీన్ లెక్క చెప్పింది. 1919 సూర్యగ్రహణంలో దాన్ని పరీక్షించి చూశారు. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. గెలాక్సీలు కూడా కటకాల్లా పనిచేయగలవని 1937లో ఫ్రిట్జ్ జ్విక్కీ రాశాడు. గుచ్ఛం వంచిన పెద్ద చాపాన్ని గుర్తించడానికి మాత్రం 1980ల దాకా ఆగాల్సి వచ్చింది. ఏబెల్ 370లో కనిపించిన ఆ చాపం గుచ్ఛానిదేనా, వెనకెక్కడిదో అన్న వాదన కొంతకాలం నడిచింది. గుచ్ఛం రెడ్‌షిఫ్ట్ 0.375 అయితే చాపానిది 0.72 పైన ఉందని 1988లో వర్ణపటం చెప్పడంతో వాదన తీరింది.

కళ్లద్దాల కటకానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. గాజు కటకంలో అంచుకు వెళ్లేకొద్దీ కాంతి ఎక్కువ వంగి, కిరణాలన్నీ ఒక నాభి దగ్గర కలుస్తాయి. గుచ్ఛానికి నాభి లేదు. కేంద్రానికి దగ్గరగా పోయిన కిరణాలు బాగా వంగుతాయి, దూరంగా పోయినవి తక్కువ. అందుకే వెనకున్న గెలాక్సీ చాపంలా సాగుతుంది, లేదా మూడు నాలుగు ప్రతిబింబాలుగా చీలుతుంది. వంపు తరంగదైర్ఘ్యం మీద ఆధారపడదు కాబట్టి గెలాక్సీ రంగులు మారవు. పరారుణ పరిశోధకులకు ఇది పెద్ద ఊరట: ఆవర్ధనం, అంటే ఎన్ని రెట్లు పెంచిందన్న సంఖ్య, తెలియకపోయినా రంగుల నిష్పత్తుల మీదా వర్ణపటంలో రేఖల నిష్పత్తుల మీదా చాలావరకు నమ్మకం ఉంచవచ్చు.

ఆవర్ధనాన్ని నిర్ణయించేవి రెండు. మొదటిది కప్పా. చూపు పొడవునా ఉన్న ద్రవ్యరాశినంతా ఒక పలుచటి రేకులా నొక్కేశామనుకుంటే చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములొస్తాయో లెక్కగట్టి, దాన్ని ఒక క్రిటికల్ విలువతో భాగిస్తే వచ్చేది కప్పా. ఏబెల్ 2744కూ రెడ్‌షిఫ్ట్ 10 దగ్గరి గెలాక్సీకీ ఆ క్రిటికల్ విలువ సుమారు 0.4 గ్రాములు. రెండోది గామా, అంటే చుట్టుపక్కల ద్రవ్యరాశి ప్రతిబింబాన్ని ఒక దిక్కుకు ఎంత సాగదీస్తుందన్నది. సూత్రం ఇది:

ఆవర్ధనం = 1 ÷ [(1 − కప్పా)² − గామా²]

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అంకెలు వేసి చూడాలి. కప్పా 0.6, గామా 0.2 అయితే ఆవర్ధనం 8.3. కప్పా 0.65 అయితే 12.1. 0.7 అయితే 20. 0.78కి చేరితే 119. ద్రవ్యరాశి 8 శాతం పెరిగితే ఆవర్ధనం 45 శాతం పెరిగింది. ఇంకాస్త ముందుకు పోతే విలువ అదుపు తప్పింది. హారం సున్నా అయ్యే చోట్లను కలుపుతూ గీసిన గీతే క్రిటికల్ రేఖ. దాని దగ్గర వెలుగు విపరీతంగా పెరుగుతుంది, లెక్కలో అనిశ్చితీ అదే వేగంతో పెరుగుతుంది. రెండూ ఒకే సూత్రం నుంచి వచ్చినవే కాబట్టి ఒకటి తీసుకుని రెండోది వద్దనలేం.

పరారుణమే ఎందుకు

రెడ్‌షిఫ్ట్ 9.79 అంటే ప్రతి తరంగమూ 10.79 రెట్లు సాగింది. హైడ్రోజన్ లైమన్ ఆల్ఫా రేఖ 121.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. జేడీ1లో అది 1.31 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) చేరింది. దానికన్నా పొట్టి తరంగాలను మధ్యలోని తటస్థ హైడ్రోజన్ మింగేస్తుంది. ఫలితంగా వెబ్ ఎఫ్‌115డబ్ల్యూ ఫిల్టర్‌లో, అంటే 1.28 మైక్రాన్ల లోపు, ఆ గెలాక్సీ ఉండదు, ఎఫ్‌150డబ్ల్యూలో కనిపిస్తుంది. ఒక ఫిల్టర్‌లో మాయమై పక్క ఫిల్టర్‌లో ప్రత్యక్షం కావడమే అతి దూరపు గెలాక్సీకి మొదటి గుర్తు.

హబుల్ చూపు 1.7 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. రెడ్‌షిఫ్ట్ 10 దగ్గర అందులో కనిపించేది కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతి మాత్రమే. వెబ్‌లోని పరికరాల్లో నిర్‌క్యామ్ కెమెరా 5 మైక్రాన్ల దాకా, వర్ణపటాలు తీసే నిర్‌స్పెక్ 5.3 దాకా, మధ్య పరారుణాన్ని చూసే మిరి 28 దాకా చూస్తాయి. 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ రేఖ రెడ్‌షిఫ్ట్ 7 గెలాక్సీలో 4 మైక్రాన్ల దగ్గర పడుతుంది కాబట్టి నిర్‌స్పెక్‌కు సులభంగా దొరుకుతుంది. అదే రేఖ జేడీ1లో 5.4 మైక్రాన్లకు జరిగి నిర్‌స్పెక్ హద్దు దాటింది. అప్పుడు 372.7 దగ్గరి ఆక్సిజన్ జంట, హైడ్రోజన్ గామా లాంటి బలహీన రేఖలతో పని నడపాలి. ఆవర్ధనం అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే.

13 రెట్లంటే ఖగోళ కొలమానంలో సుమారు 2.8 మ్యాగ్నిట్యూడ్లు. గెలాక్సీ చుక్కలా చిన్నదైతే, ఆకాశపు నేపథ్య వెలుగే అడ్డంకిగా ఉన్నప్పుడు, ఇది 13 వర్గం, అంటే 169 రెట్లు ఎక్కువసేపు కెమెరా తెరిచి ఉంచినదానితో సమానం. ఈ లెక్కను అన్నిచోట్లా వాడకూడదు. కటకం గెలాక్సీ విస్తీర్ణాన్నే పెంచుతుంది, చదరపు ఆర్క్‌సెకనుకు వచ్చే వెలుగును పెంచదు. గెలాక్సీ బాగా సాగి చాలా పిక్సెళ్ల మీద పరుచుకుంటే, ఆ పిక్సెళ్ల నేపథ్య సందడి కూడా తోడవుతుంది. అప్పుడు లాభం 169 నుంచి 13కు పడిపోతుంది. పరిశీలన సమయం కోసం దరఖాస్తు రాసేటప్పుడు ఈ రెండు హద్దుల మధ్య తమ గెలాక్సీ ఎక్కడుందో తేల్చుకోకపోతే ఎక్స్‌పోజర్ చాలదు.

ఇంకో వెల కూడా కట్టాలి. ఆకాశంలో ఒక చదరపు ఆర్క్‌నిమిషాన్ని చూస్తున్నామంటే, 10 రెట్ల ఆవర్ధనం ఉన్నచోట వెనక నిజంగా చూస్తున్నది అందులో పదోవంతే. మసక గెలాక్సీలు ప్రకాశవంతమైన వాటికన్నా చాలా ఎక్కువ సంఖ్యలో ఉంటే లాభం, లేకపోతే నష్టమే. అందుకే అరుదైన ప్రకాశవంతమైన గెలాక్సీల కోసం ఖాళీ ఆకాశాన్ని విశాలంగా చూస్తారు, సామాన్యమైన చిన్న గెలాక్సీల కోసం గుచ్ఛాల వెనక చూస్తారు.

గుచ్ఛమే అడ్డం

గుచ్ఛంలోని దీర్ఘవృత్త గెలాక్సీలు ముసలి నక్షత్రాలతో నిండినవి. వాటి వెలుగు బలంగా ఉండేది సరిగ్గా సమీప పరారుణంలోనే. వాటి మధ్య తెగిపోయి తిరిగే నక్షత్రాల మసక కాంతి కూడా చిత్రమంతా పరుచుకుంటుంది. ఎక్కువ ఆవర్ధనం దొరికే ప్రాంతాలు కూడా ఈ వెలుగులోనే మునిగి ఉంటాయి.

దీన్ని తీసేయడం ఓపికతో కూడిన పని. ముందు పెద్ద గెలాక్సీలకు ఒక్కోదానికీ వెలుగు నమూనా అమర్చి తీసేస్తారు. మిగిలిన మసక కాంతిని మృదువైన నేపథ్యంగా కొలిచి తీస్తారు. తర్వాత ఫిల్టర్లన్నింటినీ ఒకే స్పష్టతకు తేవాలి. వెబ్‌లో 1.15 మైక్రాన్ల దగ్గర ఒక చుక్క వెడల్పు సుమారు 0.04 ఆర్క్‌సెకన్లు, 4.44 మైక్రాన్ల దగ్గర 0.14. ఈ తేడా సవరించకుండా రంగు కొలిస్తే పొట్టి తరంగ ఫిల్టర్‌లో వెలుగు ఎక్కువా పొడుగు ఫిల్టర్‌లో తక్కువా నమోదవుతాయి.

ఎక్కువగా బెడిసికొట్టేది నేపథ్యాన్ని అతిగా తీసేసినప్పుడు. పెద్ద గెలాక్సీ చుట్టూ రుణ విలువల వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో పడ్డ మామూలు గెలాక్సీ నీలి ఫిల్టర్‌లో మాయమై, ఎర్ర ఫిల్టర్‌లో మిగిలి, రెడ్‌షిఫ్ట్ 10 అభ్యర్థిలా వేషం వేస్తుంది. ధూళి నిండిన దగ్గరి గెలాక్సీలు కూడా ఇదే మోసం చేస్తాయి; బలమైన ఉద్గార రేఖలు ఒకటి రెండు ఫిల్టర్లను ఉబ్బించినా అంతే. అందుకే పెద్ద గెలాక్సీ అంచున దొరికిన అభ్యర్థి మీద అనుమానం ఎక్కువుండాలి.

దూర పరారుణానికి, సబ్‌మిల్లీమీటర్ తరంగాలకు వెళ్తే పరిస్థితి తలకిందులవుతుంది. దీర్ఘవృత్త గెలాక్సీల్లో ధూళి తక్కువ కాబట్టి, కేంద్రంలోని కొన్ని గెలాక్సీలనూ వేడి వాయువు కలిగించే స్వల్ప ప్రభావాన్నీ మినహాయిస్తే, అక్కడ గుచ్ఛం దాదాపు చీకటి. కటకం ఉంటుంది, దాని వెలుగు ఉండదు. 1997లో ఇయాన్ స్మెయిల్, రాబ్ ఐవిసన్, ఆండ్రూ బ్లెయిన్ హవాయిలోని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపుపై స్కూబా కెమెరాతో 850 మైక్రాన్ల దగ్గర రెండు గుచ్ఛాల వైపు చూశారు. వాటిలో ఒకటి ఏబెల్ 370. ధూళి వెనక దాక్కుని నక్షత్రాలను విరివిగా పుట్టిస్తున్న దూరపు గెలాక్సీలు అలా బయటపడ్డాయి. ఈ తరంగాల దగ్గర టెలిస్కోపు చూపు మొద్దుబారి ఉంటుంది: 3.5 మీటర్ల అద్దమున్న హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపుకు కూడా 250 మైక్రాన్ల దగ్గర ఒక చుక్క వెడల్పు 18 ఆర్క్‌సెకన్లు. అంత మచ్చలో పది గెలాక్సీలు కలిసిపోతే ఎంతసేపు చూసినా విడదీయలేం. కటకం వాటిని దూరం దూరంగా జరుపుతుంది కాబట్టి ఆ గోడ దాటవచ్చు. 2010లో దొరికిన ‘కాస్మిక్ ఐలాష్’ రెడ్‌షిఫ్ట్ 2.3 దగ్గరి గెలాక్సీ. దాని వెలుగు సుమారు 32 రెట్లు పెరిగింది.

పటం గీయడం

గుచ్ఛం ద్రవ్యరాశిలో అధికభాగం కృష్ణ పదార్థం. కంటికి కనిపించదు కాబట్టి వంపును బట్టి దాని ఉనికిని వెనక్కి లెక్కించాలి. ముందు గుచ్ఛంలోని గెలాక్సీలేవో రంగుతోనూ, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుపై ఉన్న మ్యూజ్ లాంటి పరికరం వర్ణపటాలతోనూ ఏరుతారు. ఒక్కోదాని వెలుగును బట్టి ద్రవ్యరాశి కేటాయిస్తారు. వాటన్నింటినీ కప్పుతూ కొన్ని పెద్ద కృష్ణ పదార్థపు ముద్దలు ఉంచుతారు. తర్వాత అసలు కీలకం: ఒకే గెలాక్సీకి చెందిన ప్రతిబింబాలను కుటుంబాలుగా గుర్తించడం. రంగులు సరిపోవాలి, వర్ణపటం సరిపోవాలి, ఎడమ కుడి తారుమారు కావడం కూడా సూత్రం చెప్పినట్టే ఉండాలి. ఆపైన లెన్స్‌టూల్, గ్లాఫిక్ లాంటి ప్రోగ్రాములు ముద్దల బరువూ ఆకారమూ మారుస్తూ, ప్రతిబింబాలన్నీ తమ తమ చోట్ల పడేదాకా వెతుకుతాయి. ఏబెల్ 2744కు ఇప్పుడు వందకు పైగా ప్రతిబింబాలు చేతిలో ఉన్నాయి. మంచి నమూనాలు వాటి స్థానాలను సగటున అర ఆర్క్‌సెకను తేడాతో చెప్పగలుగుతున్నాయి.

ఒక్క ప్రతిబింబాన్ని తప్పు కుటుంబంలో చేర్చినా ఆ మూల పటం మెలికపడుతుంది, అయినా మొత్తం సరిపోలిక బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఇంకో సమస్య దీనికన్నా లోతైనది. గుచ్ఛం మీద సమానమైన ద్రవ్యరాశి పొరను కలిపి, మిగతాదాన్ని తగ్గించి, వెనక గెలాక్సీల పరిమాణాన్ని కూడా అదే నిష్పత్తిలో మారిస్తే, ఒకే దూరంలోని ప్రతిబింబాల స్థానాలు ఏమాత్రం మారవు. ఆవర్ధనం మాత్రం మారిపోతుంది. దీనికి మందు, వేర్వేరు దూరాల్లో ఉన్న కుటుంబాలు. వాటి రెడ్‌షిఫ్ట్‌లు రంగుల అంచనాతో కాక వర్ణపటంతో తేలాలి. చాపాలు వందలున్నా వర్ణపటాలు పది కూడా లేని గుచ్ఛం మీద కట్టిన లెక్కను తేలిగ్గా నమ్మకూడదనడానికి కారణం ఇదే.

దూరాన్ని బట్టి వంపు మారడం ఇంకో మేలు కూడా చేస్తుంది. ఏబెల్ 2744 వెనక రెడ్‌షిఫ్ట్ 3 దగ్గరి గెలాక్సీకన్నా 10 దగ్గరి గెలాక్సీ ప్రతిబింబాలు సుమారు 8 శాతం ఎక్కువ జరుగుతాయి. 20 ఆర్క్‌సెకన్ల వంపులో అది 1.6 ఆర్క్‌సెకన్లు, అర ఆర్క్‌సెకను కచ్చితత్వం ఉన్న నమూనాకు చిక్కే తేడా. జేడీ1 మూడు చుక్కలు ఎక్కడున్నాయన్నదే, వర్ణపటం రాకముందే, అది దగ్గరి ధూళి గెలాక్సీ కాదని చెప్పింది. అయితే రెడ్‌షిఫ్ట్ 9కీ 10కీ మధ్య తేడా 1 శాతం కూడా ఉండదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ చేతులెత్తేస్తుంది.

ఈ నమూనాలు నమ్మదగినవేనా? రెండు పరీక్షలు జరిగాయి. 2014 నవంబరులో మ్యాక్స్ జే1149 గుచ్ఛంలో ఒకే సూపర్‌నోవా నాలుగు చుక్కలుగా కనిపించింది. రెఫ్స్‌డాల్ అని పేరు పెట్టారు. అదే పేలుడు మరో దారిలో వచ్చి ఇంకోచోట కనిపిస్తుందని వేర్వేరు బృందాలు ముందే లెక్కలు ప్రకటించాయి. 2015 డిసెంబరులో అది వచ్చింది. జరగబోయేదాన్ని ముందే కాగితం మీద పెట్టి నిరూపించుకున్న ఈ పరీక్షకు నా దృష్టిలో సాటి లేదు. రెండోదానిలో, కంప్యూటర్‌లో తయారుచేసిన కృత్రిమ గుచ్ఛాలను జవాబు చెప్పకుండా బృందాలకిచ్చారు. 2017లో వెలువడిన ఫలితం ప్రకారం, మంచి పద్ధతులకు ఆవర్ధనం 3 ఉన్నచోట 10 శాతం, 10 ఉన్నచోట 30 శాతం లోపం వచ్చింది.

ఈ లోపం పర్యవసానం చిన్నది కాదు. హబుల్ ఆరు గుచ్ఛాల మీద 840 కక్ష్యల సమయం వెచ్చించిన ఫ్రాంటియర్ ఫీల్డ్స్ సమాచారం నుంచి, తొలినాళ్ల అతి మసక గెలాక్సీలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు 2017లో రెండు బృందాలు ఒకదానితో ఒకటి పొసగని జవాబులిచ్చాయి. ఆవర్ధనం ఎక్కువున్న చోట్ల నమూనా లోపాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారు, ఆ గెలాక్సీలు ఎంత చిన్నవని అనుకున్నారు అన్నవే ప్రధాన తేడాలు. విశ్వంలోని హైడ్రోజన్‌ను తిరిగి అయనీకరించింది, అంటే దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొట్టింది, ఈ చిన్న గెలాక్సీలేనా అన్న పెద్ద ప్రశ్న దీని మీదే నిలబడింది. 2024లో హకీమ్ అటెక్ బృందం ఏబెల్ 2744 వెనక ఎనిమిది అతి మసక గెలాక్సీలకు వెబ్ వర్ణపటాలు చూపించి, ఒక్కోటీ అనుకున్నదానికన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అయనీకరణ కాంతిని వెదజల్లుతోందని చెప్పింది. రేఖల నిష్పత్తి నుంచి వచ్చిన ఆ నాలుగు రెట్లకు ఆవర్ధనంతో పనిలేదు. అవి ఎంత మసకవన్నదానికే ఉంది.

క్రిటికల్ రేఖ మీదకే వెళ్లే పరిశోధనలు వేరే. 2022లో హబుల్‌తో ప్రకటించిన ఎరెండెల్ వేల రెట్లు పెరిగిన ఒక నక్షత్రమో, నక్షత్రాల జంటో అని చెప్పారు. 2024లో వెబ్ ‘కాస్మిక్ జెమ్స్’ చాపంలో, బిగ్‌బ్యాంగ్ తర్వాత 46 కోట్ల ఏళ్ల నాటి, వ్యాసార్ధం సుమారు ఒక పార్సెక్ (3.26 కాంతి సంవత్సరాలు) ఉన్న ఐదు నక్షత్ర గుంపులు కనిపించాయి. కటకం లేకుండా వెబ్ ఆ దూరంలో విడదీయగలిగేది దాదాపు 300 పార్సెక్కులే. ఇక్కడ ఆవర్ధనం విలువను నేరుగా నమ్మడం కష్టం. గుచ్ఛంలోని విడి నక్షత్రాలు కూడా చిన్న కటకాలై వెలుగును నెలల్లో మార్చేస్తాయి.

ఈ లెక్క ఇంట్లో కంప్యూటర్ మీద చేసి చూడాలనుకునేవారికి ఫ్రాంటియర్ ఫీల్డ్స్ గుచ్ఛాల కప్పా, గామా పటాలు మాస్ట్ అనే బహిరంగ భాండాగారంలో ఉన్నాయి. కటకానికీ గెలాక్సీకీ మధ్య దూరాన్ని మనకూ గెలాక్సీకీ మధ్య దూరంతో భాగించిన నిష్పత్తి 1 అనుకుని ఆ పటాలను ఇస్తారు. మనకు కావాల్సిన గెలాక్సీకి ఆ నిష్పత్తి ఎంతో చూసుకుని రెండు పటాలనూ దాంతో గుణించాలి. ఏబెల్ 2744 వెనక రెడ్‌షిఫ్ట్ 10కి అది సుమారు 0.87. ఆ తర్వాతే పై సూత్రంలో వేయాలి. గుణించడం మరిచిపోతే క్రిటికల్ రేఖే చోటు మారుతుంది. వచ్చిన విలువ రుణాత్మకమైతే కంగారు పడనక్కర్లేదు, ఆ ప్రతిబింబం తారుమారైందని అర్థం. గుర్తు తీసేసి విలువ తీసుకోవాలి. ఒకే బృందం పటంతో ఆగకుండా కనీసం మూడు పటాల్లో అదే బిందువును చూడాలి. ఒక్కో బృందం తన నమూనాకు ఇచ్చే లోపం ఆ నమూనా లోపలిది మాత్రమే. బృందాల మధ్య తేడా తరచూ దానికన్నా పెద్దది. ఒకచోట 8, ఇంకోచోట 11, మరోచోట 30 వస్తే సగటు తీసి 16 అని రాయకూడదు. 8 నుంచి 30 దాకా అని రాసి, ఆ గెలాక్సీ ద్రవ్యరాశికి కూడా అంతే వెడల్పు లోపం చూపించాలి.